మెట్లెక్కితే రాని భయం మంచం మీద ఎందుకొస్తుంది?

"రిపోర్టులన్నీ నార్మల్. నీకేమీ లేదు." మనసు ఆరోగ్యం గురించి మా ప్రాంతంలో వినబడే మాటల్లో నన్ను అన్నిటికంటే బాధించేది ఇదే. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. కానీ గుండె అదిరిపోయి, ఊపిరి అందక, వేళ్లు కొంకర్లు పోయి, ఇక బతకనని రాత్రంతా మంచం మీద కూర్చున్న మనిషికి ఆ మాట వింటే రెండే ఆలోచనలు వస్తాయి. ఒకటి, డాక్టర్లకు దొరకని పెద్ద జబ్బేదో నాకుంది. రెండు, నేను నటిస్తున్నానని వీళ్లందరూ అనుకుంటున్నారు. ఈ రెండూ నిజం కాదు. వచ్చినదానికి పేరుంది, అది ఎలా వస్తుందో వైద్యశాస్త్రానికి తెలుసు, దానికి చికిత్స ఉంది. దాన్ని పానిక్ అటాక్ అంటారు.

అన్నవరం, తుని, కత్తిపూడి, ప్రత్తిపాడు వైపు నుంచి కౌన్సెలింగ్‌కు వచ్చేవాళ్లలో చాలామంది చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో మూడు నాలుగు ఈసీజీలు, ఒక ఎకో, ఒక ట్రెడ్‌మిల్ పరీక్ష, ఎండోస్కోపీ ఫొటోలు, కొందరి దగ్గర మెదడు స్కానింగ్ కూడా. ఊళ్లో ఆర్ఎంపీతో మొదలై, తునిలో ఒక నర్సింగ్ హోమ్, కాకినాడలో గుండె డాక్టరు, విశాఖపట్నంలో ఇంకో గుండె డాక్టరు, మధ్యలో కడుపు డాక్టరు. గ్యాసుకు మాత్రలు, నరాల బలానికి ఇంజెక్షన్లు. అన్నీ అయ్యాక, డబ్బూ ఓపికా కరిగిపోయాక, చివరాఖరికి మనసు డాక్టరు. "పేణం పోద్దేమో అనిపిస్తాదండి, ఎవరూ నమ్మరు" అని వాళ్లు చెప్పే మాటలో జబ్బు బాధ ఎంత ఉంటుందో, నమ్మకపోవడం వల్ల కలిగిన బాధా అంతే ఉంటుంది. అందుకే ఈ వ్యాసంలో, పానిక్ అటాక్ నడిచే ఆ అరగంటలో ఒంట్లో ఏం జరుగుతుందో వివరంగా చెప్పాలనుకుంటున్నాను. అది తెలియడంతోనే సగం భయం తగ్గినవాళ్లను నేను చూశాను.

కొండ మెట్ల మీద గుండె

అన్నవరం సత్యదేవుడి కొండ రత్నగిరికి ఘాట్ రోడ్డు ఉన్నా, మెట్లదారిన ఎక్కేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు. తొలిపావంచా అనే మొదటి మెట్టు దగ్గర పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఎక్కడం మొదలుపెడతారు. నాలుగు వందల పైచిలుకు మెట్లు. సగం దాటేసరికి ఒక్కసారి ఆగి గుండె మీద చేయి వేసి చూసుకోండి. ఇంట్లో కూర్చున్నప్పుడు నిమిషానికి డెబ్బై ఎనభైసార్లు కొట్టుకునే గుండె అక్కడ 120 దాటుతుంది. ఆయాసం వస్తుంది. చెమట కారుతుంది. నోరెండుతుంది. పిక్కలు వణుకుతాయి. ఒక్కోసారి తల కూడా తిరుగుతుంది.

అయినా అక్కడ ఎవరూ అంబులెన్సుకు ఫోను చేయరు. ఓ పక్కన కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, రెండు గుక్కలు నీళ్లు తాగి, మళ్లీ పైకి సాగుతారు. ఎందుకు? గుండె ఎందుకు కొట్టుకుంటోందో తెలుసు కాబట్టి. మెట్లెక్కాం, దడ వచ్చింది. లెక్క సరిపోయింది.

ఇప్పుడు అదే గుండె, అదే 120, అదే చెమట, అదే ఆయాసం, రాత్రి రెండు గంటలకు మంచం మీద వచ్చాయనుకోండి. ఎక్కిన మెట్లు లేవు. మోసిన బరువు లేదు. లెక్క సరిపోదు. సరిపోని లెక్కకు మనసు వెంటనే ఒక జవాబు వెతుక్కుంటుంది. దానికి దొరికే జవాబు ఎక్కువసార్లు ఒక్కటే: గుండెపోటు. పానిక్ అటాక్‌లో అసలు కిటుకంతా ఈ తేడాలోనే ఉంది. గుండె చేసే పని రెండు చోట్లా ఒకటే. దానికి మనం చెప్పుకునే కారణం వేరు.

ఆ అరగంటలో ఒంట్లో జరిగేది

ప్రమాదం ఎదురైనప్పుడు ఒళ్లు ఎలా సిద్ధమవుతుందో అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో వెలువరించిన పుస్తకంలో వివరించాడు. పోరాడాలి, లేదా పారిపోవాలి. ఈ రెండిటికీ కావలసినవి ఒకటే: కండరాలకు ఎక్కువ రక్తం, రక్తంలో ఎక్కువ చక్కెర, ఎక్కువ ప్రాణవాయువు. మెదడు లోపల బాదంగింజంత ఉండే అమిగ్డలా అనే భాగం ప్రమాదాన్ని పసిగడుతుంది. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. ఇదంతా మనం ఆలోచించే లోపే అయిపోతుంది. 2016 జనవరి 31న తుని దగ్గర రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌ను తగలబెట్టినప్పుడు బోగీలు దిగి పరుగెత్తిన ప్రయాణికుల ఒంట్లో జరిగింది ఇదే. అక్కడ ఆ భయం వాళ్లను కాపాడింది. భయం లేని శరీరం ఎక్కువకాలం బతకదు.

పానిక్ అటాక్‌లో ఇదే ఏర్పాటు, బయట ప్రమాదమేమీ లేకుండానే నడుస్తుంది. ఒక్కొక్క లక్షణాన్నీ విడిగా చూద్దాం. ఇక్కడ తొందరపడను. ఎందుకంటే ప్రతి లక్షణం వెనకా ఒక పెద్ద అపోహ ఉంది.

మొదట గుండె దడ. కాళ్లకూ చేతులకూ రక్తం పంపాలి కాబట్టి గుండె వేగం పెరుగుతుంది, ప్రతి దెబ్బా బలంగా పడుతుంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, దిండు మీద చెవి ఆనించి పడుకున్నప్పుడు ఆ దెబ్బ ఇంకా గట్టిగా వినిపిస్తుంది. 'గుండె ఆగిపోతుంది' అంటారు. నిజానికి ఆరోగ్యంగా ఉన్న గుండె కొండెక్కేటప్పుడు చేసిన పనినే చేస్తోంది.

రెండోది కడుపు. పారిపోయేటప్పుడు అన్నం అరగాల్సిన అవసరం లేదు. అందుకని కడుపుకూ పేగులకూ వెళ్లే రక్తం తగ్గి కాళ్ల వైపు మళ్లుతుంది. తిప్పినట్టు, బిగబట్టినట్టు, విరేచనం వస్తున్నట్టు ఉంటుంది. మా వైపు దీన్ని 'గ్యాసు పైకి తన్నింది' అంటారు. ఆ మాట పట్టుకుని సంవత్సరాల తరబడి గ్యాసు మాత్రలు మింగేవాళ్లున్నారు.

మూడోది చెమట, ఒళ్లు చల్లబడటం. కండరాలు పనిచేస్తే వేడి పుడుతుంది. ఆ వేడిని ముందుగానే దించడానికి చెమట పడుతుంది. చర్మానికి రక్తం తగ్గి చేతులు చల్లబడతాయి. 'ఒళ్లు మంచులా అయిపోయింది' అని ఇంట్లోవాళ్లు బెంబేలెత్తేది ఇక్కడే.

నాలుగోది ఊపిరి. అన్నిటికంటే ఎక్కువ మందిని మోసం చేసేది ఇదే. భయపడ్డ మనిషి తనకు తెలియకుండానే వేగంగా, ఛాతీ పైభాగంతో ఊపిరి తీస్తాడు. ఊపిరి అందడం లేదనుకుని ఇంకా వేగంగా తీస్తాడు. కరోనా నాటి ఆక్సీమీటరు చాలా ఇళ్ల బీరువాల్లో ఇంకా ఉంది. ఆ సమయంలో వేలికి పెట్టి చూస్తే మామూలుగా 98, 99 చూపిస్తుంది. ఆక్సిజన్ తగ్గలేదు. తగ్గింది బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్. అతిగా ఊపిరి వదిలినకొద్దీ అది రక్తంలోంచి వెళ్లిపోతుంది. అది తగ్గితే రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది. అలా జరగగానే రక్తంలో విడిగా తిరిగే కాల్షియం కొంత ప్రొటీన్లకు అతుక్కుపోతుంది. విడి కాల్షియం తగ్గితే నరాలు చిన్న కదలికకే స్పందిస్తాయి. పెదవుల చుట్టూ, వేళ్ల చివర్ల తిమ్మిర్లు, చేతులు కొంకర్లు పోవడం ఆ ఫలితమే. 'పక్షవాతం వస్తోంది' అని పరుగెత్తించేది ఇదే.

కార్బన్ డయాక్సైడ్ తగ్గడం వల్ల మెదడు రక్తనాళాలు కూడా కాస్త కుంచించుకుంటాయి. దాంతో తల తేలిపోతున్నట్టు, చుట్టూ ఉన్నవన్నీ కలలోవిలా, మన గొంతు మనది కానట్టు అనిపిస్తుంది. 'పిచ్చెక్కిపోతోంది' అని భయపడేది అప్పుడే. పిచ్చెక్కదు. ఊపిరి నెమ్మదించిన కొద్ది నిమిషాల్లో ఇవన్నీ వెనక్కి తగ్గుతాయి. కళ్లు తిరిగి పడిపోతామన్న భయమూ దాదాపు ఎప్పుడూ నిజం కాదు. స్పృహ తప్పాలంటే సాధారణంగా రక్తపోటు పడిపోవాలి. ఈ సమయంలో అది పెరిగి ఉంటుంది.

ఇక చివరి మెట్టు మనసుది. 1986లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన డేవిడ్ క్లార్క్ అనే మనస్తత్వవేత్త ఈ వలయాన్ని స్పష్టంగా వివరించాడు. ఒంట్లో ఒక చిన్న మార్పు వస్తుంది. ఒక దెబ్బ ఎక్కువ కొట్టుకున్న గుండె కావచ్చు, గట్టి కాఫీ కావచ్చు, నిద్రలేమి కావచ్చు. దానికి మనసు ప్రాణాపాయమని అర్థం చెబుతుంది. ఆ అర్థం వల్ల భయం, భయం వల్ల అడ్రినలిన్, అడ్రినలిన్ వల్ల ఇంకా దడ, ఆ దడ చూసి 'చూశావా, నిజమే' అని ఇంకా భయం. ఇలా తిరిగి తిరిగి పది నిమిషాల్లోపే అది తారస్థాయికి చేరుతుంది. ఆ తర్వాత తగ్గక తప్పదు. రక్తంలో అడ్రినలిన్ రెండు మూడు నిమిషాలకే సగమైపోతుంది. ఒళ్లు ఆ వేగాన్ని ఎక్కువసేపు మోయలేదు. అరగంట తిరిగేసరికి చాలామందికి నీరసం తప్ప మరేమీ మిగలదు.

పిరికితనం కాదు

'మనసు గట్టిచేసుకో' అనే సలహా ఈ జబ్బు పిరికివాళ్లకే వస్తుందన్న నమ్మకం నుంచి పుట్టింది. ఆ నమ్మకాన్ని కొట్టేసే చరిత్ర ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన సైనికుల్లో గుండెదడ, ఛాతీనొప్పి, ఆయాసంతో వచ్చిన మూడు వందలమందికి పైగా రోగులను ఫిలడెల్ఫియా డాక్టరు జాకబ్ డా కోస్టా పరీక్షించి, 1871లో ఒక వ్యాసం రాశాడు. చాలామంది గుండెల్లో కనబడే లోపమేమీ లేదని గమనించాడు. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యంలోనూ వేలమందికి అవే లక్షణాలు వచ్చాయి. ఫిరంగుల ఎదుట నిలబడ్డవాళ్లు వాళ్లు. 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జాబితాలో పానిక్ డిజార్డర్‌ను విడి జబ్బుగా చేర్చింది. పాతిక దేశాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో జరిగిన సర్వేల్లో, జీవితంలో ఒక్కసారైనా పానిక్ అటాక్ వచ్చినవాళ్లు వందకు 13 మంది ఉన్నట్టు తేలింది. అది పదేపదే వచ్చి జబ్బుగా మారేది వందలో ఇద్దరికి లోపే. జబ్బుగా మారినవాళ్లలో ఆడవాళ్లు మగవాళ్ల కంటే ఇంచుమించు రెట్టింపు.

మొదటిసారి ఎప్పుడొస్తుంది? బరువులు ఒకదాని మీద ఒకటి పేరుకున్నప్పుడు. మా వైపు నేను తరచుగా చూసేవి ఇవి: చెరువులో రొయ్యలు పోయి అప్పు మిగిలిన రైతు, తల్లి కువైట్‌లో ఇళ్లలో పని చేస్తుంటే అమ్మమ్మ దగ్గర పెరుగుతూ పరీక్షలకు చదివే అమ్మాయి, కాన్పు తర్వాత నెలల తరబడి నిద్ర లేని బాలింత, దగ్గరివాళ్లు గుండెపోటుతో హఠాత్తుగా పోయిన ఇల్లు, తాగుడు మానిన మర్నాటి మగవాడు. తుపాను కూడా ఇందులో ఉంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు. ఆ రాత్రి గడిపినవాళ్లలో కొందరికి ఇప్పటికీ ఈదురుగాలి చప్పుడు వింటే గుండె దడ మొదలవుతుంది. వాళ్ల అమిగ్డలా ఆ చప్పుడును మరిచిపోలేదు. దాన్ని బలహీనత అనడం అన్యాయం.

సెలైన్, తాయెత్తు పనిచేసినట్టు ఎందుకనిపిస్తాయి

అర్ధరాత్రి దడ వస్తే పల్లెల్లో రెండు దారులు. ఒకటి, ఆర్ఎంపీ వచ్చి సెలైన్ సీసా కడతాడు. రెండు, గాలి సోకిందని తాయెత్తు కట్టించడమో, మంత్రం వేయించడమో. రెండూ 'పనిచేశాయి' అనే చెబుతారు. నేను వాళ్లను అబద్ధాలకోరులని అనను. వాళ్లు చూసింది నిజం. అర్థం చేసుకున్నదే తప్పు.

పానిక్ అటాక్ అరగంటలో దానంతటదే దిగిపోతుందని పైన చెప్పాను. ఇప్పుడు కాలం లెక్క చూడండి. దడ మొదలైంది. ఇంట్లోవాళ్లు కంగారుపడి, మోటారు సైకిలు తీసి, మనిషిని పిలుచుకొచ్చేసరికి పదిహేను ఇరవై నిమిషాలు. సీసా కట్టి సూది గుచ్చేసరికి అటాక్ దిగుముఖం పట్టింది. సీసా సగమయ్యేసరికి మనిషి తేరుకున్నాడు. పేరు సీసాకు వచ్చింది. అర లీటరు సెలైన్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా నీరు. అది గుండెదడకు మందు కాదు. తాయెత్తు సంగతీ అంతే. మంత్రగాడు నిమ్మకాయ కోసేలోగా అడ్రినలిన్ తన పని ముగించుకుని వెళ్లిపోయింది.

నష్టం డబ్బుతో ఆగదు. 'సీసా లేకపోతే ఆ రాత్రే పోయేవాడిని' అని మనిషి మనసులో ముద్ర పడుతుంది. మరోసారి దడ వచ్చినప్పుడు భయం రెట్టింపవుతుంది. గాలి సోకిందని చెప్పిన ఇంట్లో కోడలి పరిస్థితి మరీ దారుణం. జబ్బు బాధ ఒకటి, దయ్యం పట్టినదన్న పేరు ఇంకొకటి. ఆ పేరు పిల్లల పెళ్లి సంబంధాల దాకా వెంటాడుతుంది. కందుకూరి వీరేశలింగం 1874లో రాజమహేంద్రవరం నుంచి వివేకవర్ధిని పత్రిక మొదలుపెట్టి మూఢనమ్మకాల మీద కలం పట్టారు. నూట యాభై ఏళ్లు దాటాక కూడా అదే గోదావరి జిల్లాల్లో వేపమండలతో కోడళ్లను కొట్టడం జరగకూడదు. మంత్రం పేరుతో మనిషిని కొట్టేవాడు నేరం చేస్తున్నాడు. దాన్ని అలాగే చూడాలి.

ఇక్కడే దేవుడి మాట కూడా చెప్పాలి. సత్యదేవుడి వ్రతానికి కుటుంబమంతా కలిసి వచ్చి, పక్కపక్కన పీటల మీద కూర్చుని, కథ విని, ఆకులో గోధుమనూక ప్రసాదం పంచుకు తింటే మనసుకు ఊరట కలుగుతుంది. నలుగురిలో ఉన్నామన్న ధైర్యం నిజమైన బలం. దాన్ని నేను ఎవరినీ వదులుకోమనను. మొక్కు మొక్కుకోండి, చికిత్సా చేయించుకోండి. మొక్కు తీర్చుకునే దాకా చికిత్సను వాయిదా వేయకండి.

ఇరుకైపోయే బతుకు

పానిక్ అటాక్ ప్రాణం తీయదు. కానీ దాన్ని తప్పించుకోవడానికి మనిషి చేసే ప్రయత్నాలు బతుకును కొంచెం కొంచెంగా మింగేస్తాయి. మొదట ఒంటరిగా రైలెక్కడం మానేస్తారు. తర్వాత బస్సు. తర్వాత పెళ్లిళ్లు. కార్తీకమాసం రద్దీలో వ్రత మండపంలోకి వెళితే గుమ్మం పక్కనే చోటు చూసుకుంటారు, మధ్యలో లేచిపోవడానికి వీలుగా. జేబులో మాత్ర, ఫోనులో డాక్టరు నంబరు, పక్కన తోడు లేకుండా వీధి చివరి దాకా కూడా వెళ్లరు. ప్రతిసారీ తప్పించుకున్నందువల్లే బతికామని మెదడు లెక్క రాసుకుంటుంది.

కొండ మాటే మళ్లీ తీసుకుంటాను. యాభయ్యో మెట్టు దగ్గర దడ రాగానే వెనక్కి దిగిపోయే మనిషికి కొండకు శిఖరం ఉందని ఎప్పటికీ తెలియదు. ఎక్కినకొద్దీ దడ పెరుగుతూనే పోయి చివరికి గుండె పగులుతుందని నమ్ముతాడు. పానిక్ అటాక్‌కూ ఎక్కుడు ఉంది, శిఖరం ఉంది, దిగుడు ఉంది. ఎక్కుడు పది నిమిషాలు, దిగుడు ఇరవై. శిఖరం దాటి అవతలికి దిగినవాడికే అది కొండేనని, అనంతం కాదని తెలుస్తుంది. చికిత్స చేసే పని ఇంతే: చేయి పట్టుకుని అవతలికి దించడం.

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మాటల చికిత్సలో మేం చేసేది అదే. ముందు ఒంట్లో జరిగేది బొమ్మగీసి వివరిస్తాం. తర్వాత, గుండెజబ్బు లేదని డాక్టరు చెప్పినవాళ్లను, కావాలనే దడ తెప్పించుకోమంటాం. ఉన్నచోటే ఒక నిమిషం పరుగెత్తడం, కుర్చీలో గుండ్రంగా తిరగడం, వేగంగా ఊపిరి తీయడం. అన్నవరంలో మాకు ఇంకో సౌకర్యం ఉంది, కొండ మెట్లు. మొదటి రోజు తోడుతో యాభై మెట్లు. దడ వస్తుంది, కూర్చుంటారు, దిగిపోకుండా దడ తగ్గేదాకా అక్కడే ఉంటారు. తర్వాత వంద. తర్వాత ఒంటరిగా. మాత్ర జేబులో లేకుండా. చివరి గురి ఒక్కొక్కరికీ వేరుగా ఉంటుంది. ఒకామె వ్రత మండపం మధ్యలో కూర్చుని ఐదు అధ్యాయాల కథా లేవకుండా వినాలని పెట్టుకుంటుంది. ఒకాయన రత్నాచల్‌లో ఒంటరిగా విజయవాడ వెళ్లాలని పెట్టుకుంటాడు. చాలామందికి వారానికొకసారి చొప్పున పన్నెండు, పదిహేను సిట్టింగుల్లో గట్టి మార్పు కనిపిస్తుంది.

మందులు రెండు రకాలు. వాటి తేడా తెలియక చాలామంది దెబ్బతింటున్నారు. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి మెట్లెక్కేటప్పుడు పట్టుకునే చేతికర్ర. పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం కంగారు కాస్త పెరిగినట్టు కూడా ఉండవచ్చు. అలవాటుగా పట్టుకోవు. డాక్టరు చెప్పినన్ని నెలలు వాడి, చెప్పినట్టే మెల్లగా మానాలి. అల్ప్రాజొలామ్ లాంటివి ఘాట్ రోడ్డు బస్సు. ఇరవై నిమిషాల్లో పైకి చేరుస్తాయి, కానీ కాళ్లు ఎక్కడం నేర్చుకోవు. రేపు బస్సు లేకపోతే అడుగు పడదు. కొన్ని వారాల్లోనే ఒళ్లు వాటికి అలవాటు పడుతుంది. ఒక్కసారిగా మానితే మూర్ఛలు కూడా వస్తాయి. తెలంగాణలో కల్తీ కల్లులో ఇలాంటి మత్తుమందులే కలుపుతారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దొరకనప్పుడు జనం వణుకుతో, మూర్ఛలతో హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వరస కట్టింది అందుకే. అల్ప్రాజొలామ్‌ను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2014 నుంచి గట్టి నిబంధన ఉంది. మందుల షాపులో అడిగి పది బిళ్లలు తెచ్చుకునే అలవాటు ఈ రోజే మానండి.

ఇంట్లోవాళ్లకు

దడ వచ్చినప్పుడు చుట్టూ పదిమంది మూగి గాలి విసరడం, అరికాళ్లు రుద్దడం, ఏడవడం భయాన్ని పెంచుతాయి. 'లేనిపోనివి ఊహించుకోకు', 'మాకు లేవా కష్టాలు' అన్న మాటలు మనిషిని ఒంటరిని చేస్తాయి. ఒక్కరు పక్కన కూర్చోండి. అత్తగారైతే కోడలితో ఇలా అంటే చాలు: "అమ్మాయ్, నేను ఇక్కడే ఉన్నాను. నీ గుండె దడ నిజమే. ఇది ఇంతకుముందూ వచ్చింది, పోయింది. ఇప్పుడూ పోతుంది. మెల్లగా ఊపిరి వదులు." ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు తీసి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలాలి. పొట్ట మీద చేయి వేసుకుంటే పొట్ట కదలాలి, భుజాలు కాదు. వదిలే ఊపిరి పొడుగైతే గుండె నెమ్మదిస్తుంది. కాగితం సంచిలోకి ఊపిరి వదలమనే పాత చిట్కా వద్దు. ఒకవేళ అది నిజంగా గుండె, ఊపిరితిత్తుల సమస్యే అయితే ఆ చిట్కా ప్రమాదం.

ఇక్కడ ఒక హెచ్చరిక. మొదటిసారి వచ్చిన ఛాతీనొప్పిని ఎవరూ పానిక్ అని సొంతంగా తేల్చుకోకూడదు. నలభై దాటినవాళ్లు, చక్కెర జబ్బు, రక్తపోటు, పొగతాగే అలవాటు ఉన్నవాళ్లు, శ్రమ చేసినప్పుడు నొప్పి వచ్చి ఎడమ చేతికో దవడకో పాకినవాళ్లు వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఒక ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్, చక్కెర పరీక్షలు తప్పనిసరి. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం కూడా ఇలాంటి దడనే తెస్తాయి. ఒక్కసారి సరిగా చేయించండి. అవి బాగుంటే మరో ఊరు వెళ్లి మళ్లీ అవే చేయించడం వల్ల భయం తగ్గదు. రిపోర్టు ఇచ్చే ధైర్యం వారం రోజులు కూడా నిలవదు.

ఇంకో తేడా కూడా గుర్తుంచుకోండి. పానిక్‌లో మనిషి 'చచ్చిపోతానేమో' అని భయపడతాడు. 'చచ్చిపోతే బాగుండు' అంటే అది వేరే సంగతి, దాని వెనక కుంగుబాటు ఉండవచ్చు. ఆ మాట వినబడితే సూటిగా అడగండి: "చనిపోవాలని ఆలోచన వస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు. అడిగితే బరువు దిగుతుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బాలు అందకుండా దాచండి, ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

నిమ్‌హాన్స్ ఆధ్వర్యంలో 2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి వందకు 70 నుంచి 92 మంది చికిత్సకు నోచుకోవడం లేదు. చికిత్స దూరంగా ఉండటం ఒక్కటే దీనికి కారణం కాదు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, శరీర జబ్బులకు ఇచ్చినట్టే మానసిక జబ్బులకూ బీమా కంపెనీలు రక్షణ ఇవ్వాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీ ఇంట్లో అలాంటి రిపోర్టుల కవరు ఒకటి ఉంటే, ఐదో ఈసీజీకి వెళ్లే ముందు ఒక్కసారి మానసిక వైద్యుణ్ణి కలవండి. చాలామంది అక్కడికి అందరికంటే చివర వెళుతున్నారు. మీరు ముందే వెళ్లండి. ఇది నయమయ్యే జబ్బు.